తలుపు గడియ పెట్టినా ఆగని వెక్కిరింత

మన తెలుగులో 'ఏడిపించడం' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకరిచేత కన్నీళ్ళు పెట్టించడం ఒకటి, సరదాకు ఆటపట్టించడం ఇంకొకటి. బావామరదళ్ళు ఒకరినొకరు ఏడిపించుకుంటారు. పెళ్ళింట్లో మగపెళ్ళివారిని ఆడపెళ్ళివారు ఏడిపిస్తారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అయితే రెండింటికీ ఒకే మాట ఉండడంవల్ల ఇంట్లో ఒక ఇబ్బంది వస్తున్నది. పిల్లవాడు బడినుండి వచ్చి "నన్ను ఏడిపిస్తున్నారమ్మా" అంటే, "సరదాకి అని ఉంటార్లేరా, పట్టించుకోకు" అని కూర కలియబెడుతూనే జవాబు చెప్పేస్తాం. వాడు ఆ మాట ఏ అర్థంలో అన్నాడో ఆగి అడగం.

పూర్వం ఈ ఏడిపింపుకు ఒక హద్దు ఉండేది. బడి గంట కొట్టాక వెక్కిరింత బడిదగ్గరే ఆగిపోయేది, లేదా ఊరి చెరువుగట్టు దాకా వెంట వచ్చి ఆగేది. ఇల్లు చేరిన బిడ్డకు అమ్మ కొంగు ఉండేది, అన్నం కంచం ఉండేది, నిద్ర ఉండేది. తెల్లవారేసరికి సగం మరచిపోయేవాడు. విన్నవారు కూడా పదిమందే.

సెల్‌ఫోనులో జరిగే వెక్కిరింతకు ఆ హద్దు లేదు. అది తలుపు గడియ పెట్టుకున్నా లోపలికి వస్తుంది, దుప్పటి ముసుగులోకీ వస్తుంది. అన్నవాడు ఎవడో ఒక్కొక్కసారి తెలియనే తెలియదు. విన్నవారు పదిమందా, పదివేలమందా అన్నదీ తెలియదు. అన్నిటికంటే బరువైనది మరొకటి ఉంది. నోటితో అన్న మాట గాలిలో పోతుంది గాని, ఫోనులో పెట్టిన మాట, బొమ్మ అలాగే నిలిచి ఉంటాయి. ఏడ్చిన పిల్ల మళ్ళీ మళ్ళీ తీసి చూసుకుంటుంది. దెబ్బ ఒక్కటే, తగిలేది మాత్రం నలభైసార్లు.

ఇదంతా పట్నం పిల్లల గొడవ, మన పల్లెలకు సంబంధం లేదని కొందరు పెద్దలు అంటుంటారు. 2016వ సంవత్సరం చివరలో చౌక ఇంటర్నెట్ వచ్చింది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీనుండి టీవీలోను, ఫోనులోను పాఠాలు మొదలుపెట్టారు. అంతవరకు తండ్రి జేబులో ఉన్న ఫోను పిల్లల చేతికి చేరింది పాఠంకోసమే. మిర్చి అమ్మిన డబ్బుతోనో, అప్పు చేసో కొనిచ్చిన తల్లిదండ్రులున్నారు. పాఠాలు మళ్ళీ బడికి వెళ్ళిపోయాయి గాని ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. తరగతి పిల్లలంతా కలిసి వాట్సాప్‌లో గుంపు కట్టుకున్నారు. ఆ గుంపులో మాస్టారు ఉండరు, అమ్మానాన్నలు ఉండరు.

అక్కడ ఏం జరుగుతుందో మనకు తెలిసినంతవరకు చెబుతాం. ఒక పిల్ల ఫొటో తీసి దానికి గాడిద తలో, కోతి తలో అతికిస్తారు. నత్తిగా మాట్లాడే పిల్లవాడి గొంతు రికార్డు చేసి అందరికీ పంపుతారు. ఒంటి రంగును, తల్లి చేసే కూలిపనిని, కులాన్ని ఎత్తి పేర్లు పెడతారు. ఒకరి పేరుతో ఇంకొకరు దొంగ ఖాతా తెరిచి పిచ్చిరాతలు రాస్తారు. ఒక్క పిల్లను మాత్రం వదిలేసి మిగిలినవారంతా కొత్త గుంపు కట్టుకోవడం కూడా ఏడిపించడమే. అందులో ఒక్క తిట్టూ ఉండదు, ఒక్క బూతూ ఉండదు. అయినా ఆ పిల్లకు మరునాడు బడికి వెళ్ళబుద్ధి కాదు, "కడుపునొప్పి" అంటుంది.

నాలుగిళ్ళ అవతల

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని డార్డెన్ ప్రైరీ అనే చిన్న ఊరిలో 2006లో జరిగిన సంగతి ఒకటి ఉన్నది. ఇది అక్కడి కోర్టులకెక్కి, చట్టాలనే మార్పించింది గనుక అందరికీ తెలిసినదే. పాఠకులలో కొందరికి బాధ కలిగించవచ్చును. అయినా చెప్పవలసి ఉన్నది.

మేగన్ మైయర్ అనే 13 ఏళ్ళ బాలిక ఉండేది. చిన్నప్పటినుండి మనసు కుంగిపోయే జబ్బుకు మందులు వాడుతున్న పిల్ల. లావుగా ఉన్నానని లోపల దిగులు. పాత బడిలో తోటిపిల్లల వెక్కిరింతకు తట్టుకోలేకపోతే తల్లిదండ్రులు బడి మార్పించారు. ఆ రోజులలో పిల్లలు వాడే మైస్పేస్ అనే వేదికలో ఆమె ఖాతా తెరుచుకుంటే తల్లి కొన్ని కట్టుబాట్లు పెట్టి మరీ ఒప్పుకున్నది. పెద్దల కనుసన్నలలోనే వాడాలన్నది అందులో ఒకటి. పిల్లను గాలికి వదిలేసిన తల్లి కాదు అని ముందే చెబుతున్నాం.

ఆ వేదికలో ఒక 16 ఏళ్ళ కుర్రవాడు స్నేహం కలిపాడు. అందంగా ఉన్నావన్నాడు. కొన్ని వారాలపాటు మేగన్ సంతోషంగా ఉన్నది. అక్టోబరు మధ్యలో ఒకరోజు ఉన్నట్టుండి అతని మాట మారిపోయింది. నీవు స్నేహితులతో సరిగా ఉండవట, నీతో స్నేహం వద్దన్నాడు. ఆమెను గురించి పదిమందికీ కనబడేటట్టు చెడ్డరాతలు మొదలయ్యాయి. మరునాడు, అంటే 16వ తేదీ సాయంత్రం, ఆ రాతలు భరించరానివయ్యాయి. ఆ రాత్రి ఆ బిడ్డ తన ప్రాణానికి తానే హాని చేసుకున్నది. 17న కన్నుమూసింది. మూడు వారాలు గడిచి ఉంటే 14 నిండేవి.

ఆ కుర్రవాడు లేనే లేడు. ఆ సంగతి తల్లిదండ్రులకు కొన్ని వారాల తరువాత మరొక ఇరుగుపొరుగు ఇల్లాలి ద్వారా తెలిసింది. ఆ దొంగ ఖాతా వెనుక ఉన్నది అదే వీధిలో నాలుగిళ్ళ అవతలి కుటుంబం. మేగన్‌తో ఒకప్పుడు స్నేహంగా ఉండి విడిపోయిన పిల్ల, ఆ పిల్ల తల్లి, వారి దగ్గర పనిచేసే ఒక యువతి. తన కూతురిని గురించి మేగన్ ఏమనుకుంటున్నదో తెలుసుకోవాలని ఈ ఆట మొదలైందని తరువాత చెప్పుకొచ్చారు. రెండిళ్ళ మధ్య రాకపోకలు ఉండేవి. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి పలకరించి వెళ్ళినవారిలో వాళ్ళూ ఉన్నారు.

కన్నతల్లి వయసున్న స్త్రీ పిల్లల ఆటలోకి దిగిందన్న సంగతి చదివినప్పుడు మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం. తరువాత మన ఊళ్ళ సంగతి గుర్తుకొచ్చింది. పిల్లల తగవు పెద్దల తగవు కావడం మనకు కొత్త కాదు. కుళాయి దగ్గర పిల్లలు కొట్టుకుంటే తల్లులు కొంగు బిగించడం ఎన్నిసార్లు చూడలేదు? ఫోను ఆ తగవుకు ముసుగు వేసుకునే వీలు ఇచ్చింది, అంతే తేడా.

ఇక కోర్టు సంగతి. మిస్సోరీలో ఇలాంటి పనిని నేరమనే చట్టం అప్పటికి లేదు. చివరకు మైస్పేస్ కంపెనీ ఉన్న లాస్ ఏంజెలెస్‌లో కేసు నడిపి, 2008 నవంబరులో చిన్నపాటి నేరాల కింద జ్యూరీవారు దోషిగా తేల్చారు. 2009లో న్యాయమూర్తి ఆ తీర్పును కొట్టివేశారు. కంపెనీ నియమాలు మీరినంత మాత్రాన నేరమనడం సరికాదన్నది ఆయన అభిప్రాయం. ఈలోగా 2008లో మిస్సోరీ తన చట్టాన్ని మార్చుకుని ఫోను, కంప్యూటరు ద్వారా చేసే వేధింపును కూడా నేరాలలో చేర్చింది. మేగన్ తల్లి టీనా మైయర్ కూతురి పేరుతో ఒక సంస్థ పెట్టి బడులకు తిరిగి పిల్లలతో మాట్లాడే పనికి పూనుకున్నది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఫలానావారి రాతే ఆ పిల్ల ప్రాణం తీసిందని సూటిగా తేల్చి చెప్పడం సరికాదని వైద్యులు అంటారు. అప్పటికే కుంగి ఉన్న మనసు, వయసు, ఒంటరితనం, ఇవన్నీ కలుస్తాయి. అయితే ఎదుటి బిడ్డ లోపల ఏ బరువు మోస్తున్నదో రాసేవాడికి తెలియదు గదా? తెలియదు గనుకనే ఆ రాత అంత ప్రమాదం.

రెండిళ్ళ కథ

ఇటువంటి సంగతిని కళ్ళముందు పెట్టుకుని సారా డేరర్ లిట్‌మన్ అనే రచయిత్రి 2015లో 'బ్యాక్‌లాష్' అనే నవల రాసింది. ఇంగ్లీషు చదివే పెద్దపిల్లలకోసం రాసినది. ఇందులో కూడా ఒక దొంగ కుర్రవాడు ఉన్నాడు, అతన్ని నమ్మిన లారా అనే పిల్ల ఉన్నది. ఆమె ప్రాణానికి హాని చేసుకోబోయి బ్రతుకుతుంది. ఆ తరువాత ఏం జరిగిందన్నదే కథలో ఎక్కువ భాగం.

ఈ కథను నలుగురు పిల్లలు వంతులవారీగా చెబుతారు. లారా, ఆమె చెల్లెలు, దొంగ ఖాతా తెరిచిన బ్రీ అనే పొరుగుపిల్ల, ఆమె తమ్ముడు. అంటే దెబ్బతిన్న ఇంటినుండి ఇద్దరు, దెబ్బకొట్టిన ఇంటినుండి ఇద్దరు. అక్క చుట్టూనే ఇల్లంతా తిరుగుతుంటే తనను ఎవరూ పట్టించుకోవడం లేదని చెల్లెలు లోలోపల నొచ్చుకుంటుంది. నొచ్చుకున్నందుకు తననే తిట్టుకుంటుంది. అవతలి ఇంట్లో బ్రీకి లారామీద అసూయ. తాను కోరుకున్న చోటు బడిలో లారాకు దక్కింది, తనకు దక్కలేదు. కూతురు చేస్తున్న పని కనిపెట్టిన తల్లి మందలించవలసింది పోయి తానూ చేయి కలుపుతుంది. ఏ పాపం ఎరుగని తమ్ముడు ఊరిలో తల ఎత్తుకోలేకపోతాడు.

ఈ నవలను మేము ఎందుకు మెచ్చుకున్నామంటే, చెడ్డపిల్లను రాక్షసిగా చూపించలేదు. వాళ్ళ ఇల్లు మన ఇంటిలాగే ఉంటుంది. చదువుతున్న తల్లి "నా బిడ్డను ఎవరైనా ఏడిపిస్తున్నారేమో" అని పుస్తకం తెరుస్తుంది. సగానికి వచ్చేసరికి "నా బిడ్డ ఎవరినైనా ఏడిపిస్తున్నదేమో" అన్న ప్రశ్న ఎదురవుతుంది. మొదటి ప్రశ్న తల్లిదండ్రులందరూ వేసుకుంటారు, రెండవది వేసుకునేవారు తక్కువ.

కథ పేరులో ఇంకొక పాఠం ఉన్నది. సంగతి బయటపడ్డాక ఊరివారంతా బ్రీమీద పడతారు. ఆమె చేసినదే ఆమెకు చేస్తారు. మిస్సోరీలోనూ అచ్చంగా అదే జరిగింది. 2007లో పత్రికలో ఆ సంగతి అచ్చయినప్పుడు ఆ పొరుగింటివారి పేరు వేయలేదు. ఎవరో వెదికి పట్టుకుని పేరు, చిరునామా లోకమంతటికీ చాటారు. ఎక్కడెక్కడివారో ఆ ఇంటికి బెదిరింపులు పంపారు. న్యాయం చేస్తున్నామనే అనుకున్నారు వాళ్ళంతా. వారికీ ఆ బిడ్డ గురించి ఏమీ తెలియదు, ఈ ఇంటివారి గురించీ ఏమీ తెలియదు. చేతిలో ఫోను ఉన్నది, లోపల కోపం ఉన్నది.

నీలి గౌను పిల్ల

ఇంగ్లీషు నవలలు మన ఊళ్ళకు ఎక్కడ వస్తాయి అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే ఒక కథ మన పిల్లల చేతిదాకా వచ్చింది. ఎలినార్ ఎస్టిస్ 1944లో రాసిన 'ది హండ్రెడ్ డ్రెసెస్', అంటే నూరు గౌనులు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో కొన్నేళ్ళపాటు ఇది పాఠంగా ఉండేది. కేంద్రీయ విద్యాలయాలలో చదివిన అన్నలు, అక్కలు మీ ఇంట ఉంటే వారినడగండి, చెబుతారు.

వాండా అనే పేదపిల్ల. పోలండునుండి వలస వచ్చిన కుటుంబం. తల్లి లేదు. పేరు పలకడానికి తిరగదని పిల్లలు నవ్వుతారు. రోజూ అదే వెలసిపోయిన నీలి గౌను, శుభ్రంగా ఉతికినదే గాని ఇస్త్రీ సరిగా ఉండదు. ఒకరోజు ఆ పిల్ల తన ఇంట నూరు గౌనులున్నాయని చెబుతుంది. ఇక రోజూ అదే ఆట. "ఎన్ని గౌనులన్నావు?" అని పెగ్గీ అనే పిల్ల అడగడం, అందరూ నవ్వడం. పెగ్గీ పక్కన మాడీ అనే స్నేహితురాలు ఉంటుంది. మాడీ కూడా పేదపిల్లే, పెగ్గీ వాడి వదిలేసిన బట్టలు వేసుకుంటుంది. ఆమె వాండాను ఒక్క మాట అనదు. పక్కన నిలబడుతుంది, అంతే. ఇది మానేద్దామని పెగ్గీకి చీటీ రాయడం మొదలుపెట్టి చించి పారేస్తుంది. రేపు తన బట్టల సంగతి ఎత్తుతారేమోనని భయం.

తరువాత బడిలో బొమ్మల పోటీ జరుగుతుంది. గోడలనిండా నూరు గౌనుల బొమ్మలు, ఒకదానికంటే ఒకటి అందమైనవి. అవన్నీ వాండా వేసినవి. అయితే బహుమానం తీసుకోవడానికి ఆ పిల్ల రాలేదు. తమ పేరును, తమ పుట్టుకను ఎగతాళి చేయనిచోటికి, పెద్ద పట్నానికి వెళ్ళిపోతున్నామని ఆమె తండ్రి ఉత్తరం రాశాడు. పెగ్గీ, మాడీ ఆ ఇంటికి పరుగెత్తి వెళితే ఇల్లు ఖాళీ. క్షమించమని అడగడానికి మనిషే లేదు. ఎస్టిస్ చిన్నప్పుడు ఆమె తరగతిలో నిజంగా ఇటువంటి పిల్ల ఒకతె ఉండేదట.

ఈ కథలో ఫోను లేదు. 80 ఏళ్ళ కిందటి కథ. అయినా వాట్సాప్ గుంపును ఇంతకంటే బాగా చూపించే కథ మాకు ఇంకొకటి దొరకలేదు. ఆ గుంపులో పెగ్గీలు ఒకరిద్దరే ఉంటారు. మిగిలిన నలభైమందీ మాడీలే. ఏదో రాయబోయి చెరిపేసినవారు, నవ్వుబొమ్మ ఒకటి పెట్టి తప్పించుకున్నవారు, చూసి ఊరుకున్నవారు.

ఒక వేసవి బైబిలు పాఠశాలలో మేము ఈ కథను మన తెలుగులో, మన బడి, మన ఊరు అన్నట్టుగా చెప్పాం. నీలి గౌను దగ్గర పిల్లలు నవ్వారు, ఖాళీ ఇంటి దగ్గర నిశ్శబ్దమయ్యారు. ఫోను అన్న మాట మా నోట రాలేదు. అందరూ మజ్జిగ తాగి వెళ్ళిపోయాక తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు చాపలు చుడుతూ ఉండిపోయాడు. చివరకు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. వాడి తరగతి పిల్ల ఫొటోకు ఎవరో ఏదో అతికించారు. "నేను చేయలేదండీ, నవ్వినట్టు పెట్టాను అంతే" అన్నాడు. ఆ పిల్ల నెలరోజులుగా బడికి రావడం లేదట. "ఇప్పుడు ఏం చేయమంటారు?" అని అడిగాడు. వాడిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాం. ఆ పిల్ల బయటికి రాలేదు. తల్లి మాత్రం వాడి మాట విని, మంచినీళ్ళిచ్చి పంపింది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఆ పిల్ల మళ్ళీ చేరింది, అయితే వేరే ఊరి బడిలో చేరింది.

"నీ ఫోనులో ఏముంది, చూపించు" అని అడిగి ఉంటే ఆ కుర్రవాడు చూపించేవాడా? ప్రశ్న వేస్తే పిల్లలు తలుపు మూసుకుంటారు. కథ చెబితే, ఎవరి గురించో చెప్పినట్టు తమ గురించి చెప్పుకుంటారు. అందుకే ఉపదేశంకంటే కథ మేలని మా అభిప్రాయం. కథ చివర "కాబట్టి పిల్లలారా" అని తగిలించకుండా ఉంటే ఇంకా మేలు. అది తగిలించగానే చాపలు చుట్టేవాడు కూడా వెళ్ళిపోతాడు.

మన పాఠకులకు బాగా తెలిసిన కథ ఒకటుంది. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నాను పెనిన్నా ఏటేటా ఏడిపించేది. ఏమని ఏడిపించిందో అక్కడ రాసి లేదు, హన్నా భోజనం మానివేసి ఏడ్చిన సంగతి రాసి ఉన్నది. భర్త ఎల్కానా మంచివాడే. అయినా ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతూనే, తాను ఉండగా దుఃఖమెందుకని ఓదార్చి సరిపెట్టాడు. ఏలీ యాజకుడు ఆమె పెదవులు కదలడం చూసి తాగి ఉన్నదనుకున్నాడు. ప్రేమించేవాడు ఒక రకంగా, పెద్దమనిషి ఇంకొక రకంగా పొరపాటు పడ్డారు. అయితే ఏలీ ఆమె జవాబు చివరివరకు విన్నాడు, విని మాట మార్చుకున్నాడు. ఈ కథను గొడ్రాలి ప్రార్థనగానే మనం చెబుతుంటాం. ఏడిపింపు గురించిన కథగా కూడా పిల్లలకు ఒకసారి చెప్పి చూడండి.

2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'అడొలసెన్స్' అనే ఇంగ్లండు కథ పెద్దలు చూడవలసినది, చిన్నపిల్లలకు తగినది కాదు. నాలుగు భాగాలు. ఒక 13 ఏళ్ళ బాలుడు తోటి బాలికను చంపాడన్న అభియోగంతో మొదలవుతుంది. అందులో ఒక పోలీసు అధికారి ఆ పిల్లల రాతలు చదివి, ఏవో స్నేహపు బొమ్మలనుకుంటాడు. ఆ బొమ్మలకు అర్థాలు వేరని, అవి ఆ బాలుడిని అవమానించినవని అదే బడిలో చదువుతున్న ఆయన సొంత కొడుకు వచ్చి చెప్పవలసి వచ్చింది. చివరి భాగంలో ఆ బాలుడి తల్లిదండ్రులు, వాడు తన గదిలోనే ఉన్నాడు గదా, క్షేమంగా ఉన్నాడనుకున్నామని తలపోసుకుంటారు. ఇంగ్లండులో హైస్కూళ్ళలో దీనిని ఉచితంగా చూపించే ఏర్పాటు చేశారు.

బిడ్డ నోరు విప్పినప్పుడు

పిల్లలు ఎందుకు చెప్పరు? ఎక్కువమందికి మొదటి భయం ఫోను లాక్కుంటారని. ఆడపిల్లలకు ఇంకొక భయం, చదువు మానిపిస్తారని, పెళ్ళి చేసేస్తారని. ఈ భయం ఉత్తది కాదని మనకు తెలుసు. కాబట్టి బిడ్డ చెప్పిన రోజున శిక్ష ఆ బిడ్డకే పడకుండా చూడండి. "నీవెందుకు ఫొటో పెట్టావు?" అన్న ప్రశ్న ఆ రోజుకు అక్కరలేదు. అన్నం తినడం, నిద్ర, బడికి వెళ్ళడం, ఈ మూడింటిలో ఉన్నట్టుండి మార్పు వస్తే చెప్పకపోయినా ఏదో ఉన్నదని గ్రహించండి.

కోపంలో ఆ రాతలు చెరిపేయకండి. చెరిపితే సాక్ష్యం పోతుంది. తెర ఫొటో తీసి, తేదీ, సమయం, పంపిన నంబరు, ఖాతా పేరు కాగితంమీద రాసి ఉంచుకోండి. తరువాత ఆ మనిషిని బ్లాక్ చేయవచ్చు, ఆ వేదికవారికి ఫిర్యాదు పంపవచ్చు. ఎదురు తిట్టకండి. తరగతి పిల్లలే చేసినదైతే ముందు హెడ్‌మాస్టరుగారితో, అవతలి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడడం మంచిది. చాలావాటికి అంతటితో ముగింపు దొరుకుతుంది.

'సైబర్ వేధింపు' అనే పేరుతో మన దేశంలో విడిగా ఒక చట్టం లేదు. 2000 సంవత్సరపు ఐ.టి. చట్టంలో 66ఎ అనే సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పేవారున్నారు, అది చెల్లదు. అయితే వేరే దారులున్నాయి. ఇంకొకరి పేరుతో దొంగ ఖాతా తెరిచి మోసం చేస్తే 66డి కింద మూడేళ్ళవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా ఉన్నాయి. 18 ఏళ్ళలోపు పిల్లల అసభ్య చిత్రాలు పంచితే 67బి కింద మొదటిసారికే ఐదేళ్ళవరకు జైలు, పది లక్షలవరకు జరిమానా. ఇటువంటి చిత్రంతో బిడ్డను బెదిరిస్తే 2012 నాటి పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. వద్దన్నా వినకుండా స్త్రీని ఫోనులో వెంటాడడం 2024 జులై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను కింద నేరం.

ఫిర్యాదు చేయడానికి పోలీసు స్టేషను ఉన్నది. కేంద్ర ప్రభుత్వంవారి సైబర్ క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో స్త్రీలకు, పిల్లలకు జరిగిన అసభ్య నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. పిల్లల సహాయానికి 1098కు ఫోను చేయవచ్చు. చిన్నతనంలో తీసిన అసభ్య ఫొటో ఎక్కడైనా తిరుగుతుందన్న భయముంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉన్నది. 2023లో మొదలైంది. ఆ ఫొటోను ఎవరికీ పంపనక్కరలేదు. మన ఫోనులోనే దానికి వేలిముద్రలాంటి ఒక గుర్తు తయారవుతుంది. ఆ గుర్తు మాత్రమే వెళుతుంది. ఈ ఏర్పాటులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి దాన్నిబట్టి వెదికి తొలగిస్తాయి.

ఏడిపించినది మన బిడ్డే అయితే? కొట్టి వదిలేయడం సులువు, "మావాడు అలాంటివాడు కాదు" అని దబాయించడం ఇంకా సులువు. 18 నిండనివారు చేసిన నేరాలు పెద్దల కోర్టుకు కాక మామూలుగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతాయి. అంతదూరం వెళ్ళకముందే బిడ్డను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. బిడ్డచేతనే ఆ రాతలు తీయించండి, తీసేసినట్టు అదే గుంపులో అందరికీ చెప్పించండి. ఎగతాళి నలభైమంది ముందు జరిగింది గదా, క్షమాపణ ఒక్కరి చెవిలో చెబితే ఎలా సరిపోతుంది?

బ్రతుకుమీద విరక్తి కలిగిందని బిడ్డ ఒక్క మాట అన్నా దానిని బెదిరింపుగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. రాత్రింబవళ్ళు తీస్తారు, డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును, 1098ని క్యాలెండరు అంచున పెద్ద అంకెలతో రాసి, పిల్లలకు కనబడే గోడకు తగిలించండి.